సాహెబుకు వీపు చూపే విద్య

మన జిల్లాలో ప్రతి సర్కారీ కచేరిలోనూ స్వింగు డాన్సు క్లాసు పెట్టాలనీ, పెట్టని కచేరికి తాళం వేయాలనీ నేను ఈ పత్రికాముఖంగా సర్కారుకు మనవి చేసుకుంటున్నాను.

నవ్వకండి! నవ్వేవాళ్లు ఒక గురువారం పొద్దుగూకే వేళకు వనపర్తి వచ్చి చూడండి. కచేరి వరండాలో పన్నెండు మంది గుమాస్తాలు, రూమీ టోపీ జారకుండా ఒక చేత్తో నెత్తి పట్టుకుని, రెండో చేత్తో ఒకరినొకరు పట్టుకుని, గ్రామఫోను ఎట్లా చెబితే అట్లా గంతులు వేస్తూ కనిపిస్తారు. ఏ కచేరి అని మాత్రం అడగకండి. మా వీధిలో చాలా ఇళ్లలో పొయ్యి రాజుకునేది దాని పేరు మీదనే.

కచేరిలో డాన్సేమిటి, దానివల్ల లాభమేమిటి అంటారా? డాన్సు లేని కాలం ఎట్లా ఉండేదో అప్పుడే మరిచిపోయారా?

రెండు రోజుల రుఖ్సత్ కావాలంటే, అంటే సెలవు కావాలంటే, గుమాస్తా ఏం చేసేవాడు? దరఖాస్తు రాసేవాడు. ఒంటరి దరఖాస్తుకు పెద్ద సాహెబు గదిలోకి పోవాలంటే భయం కాబట్టి, దానికి తోడుగా ఒక కోడిపుంజును పంపేవాడు. పుంజు వెళ్లేది, దరఖాస్తు మాత్రం గుమ్మంలోనే ఆగిపోయేది. తరువాత నెయ్యి చెంబు. ఆ తరువాత గుమ్మడికాయలు. తిమ్మాజిపేట నుంచి బదిలీ మీద వచ్చిన ఒక గుమాస్తా, చెల్లెలి పెండ్లికి సెలవు కోసం గుమ్మడికాయలు మోసీ మోసీ, చివరికి మంజూరు కాగితం చేతికి వచ్చేసరికి ఆ చెల్లెలు పురిటికి పుట్టింటికి వచ్చింది. అయినా ఏం నష్టం? ఆ సెలవు బారసాలకు పనికి వచ్చింది!

ఇప్పుడో? పుంజు అక్కరలేదు. నెయ్యి అక్కరలేదు. ఉత్త కాళ్లు చాలు. ఎంత పేదవాడికైనా కాళ్లు ఉంటాయి గదా! ఇంతకంటే గొప్ప సంస్కరణ ఏ దేశంలో జరిగిందో, చదువుకున్నవాళ్లు చెప్పాలి. నాలుగో జమాతులోనే బడి మాన్పించబడ్డ నాకు తెలియదు.

ఈ భాగ్యం మన ఊరికి ఎట్లా పట్టిందంటే, పోయిన ఏడాది పెద్ద సాహెబు ఏదో ట్రైనింగుకని సికిందరాబాదు వెళ్లారు. లడాయి రోజులు కావడంతో అక్కడ ఎటు చూసినా తెల్ల సోల్జర్లే. ఒక హాలులో వాళ్లు దొరసానుల చేతులు పట్టుకుని ఆడే స్వింగు డాన్సు చూసి ఆయన మనసు అక్కడే ఉండిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు ట్రైనింగు కాగితాలు రైలులో మరిచిపోయారు గాని, గ్రామఫోనునూ ఆరు రికార్డులనూ అడుగుల బొమ్మలు అచ్చువేసిన పుస్తకాన్నీ మాత్రం ఒళ్లో పెట్టుకుని తెచ్చారు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం క్లాసు. గురువారం సోషల్. సోషల్ అంటే, వారమంతా నేర్చుకున్నది అందరూ కలిసి ఒకేసారి తప్పు చేయడం. శుక్రవారం ఎట్లాగూ సెలవు కాబట్టి, గురువారం ఎవరి కాలు మడతపడినా సర్కారుకు నష్టం లేదు.

ఒక్క చిక్కు వచ్చింది. స్వింగు డాన్సు జంటగా ఆడేది. ఒకరు మగ, ఒకరు ఆడ. మన ఊళ్లో ఆడవాళ్లు కచేరి మెట్లెక్కి గుమాస్తాల చేతులు పట్టుకుంటారా?

పెద్ద సాహెబు ఒక్క రోజులో పరిష్కారం కనిపెట్టారు. జంటలో జీతం ఎక్కువ ఉన్నవాడు మగ, తక్కువ ఉన్నవాడు ఆడ! ఆడవారు గుర్తుగా కుడి భుజానికి పచ్చ తువ్వాల కట్టుకోవాలి. మల్లన్న అనే గుమాస్తాకు వానకాలంలో ప్రమోషన్ వచ్చింది. ఆ సాయంత్రమే మగవాడయ్యాడు. ఆ సంతోషంలో కచేరి అంతటా పేడాలు పంచిపెట్టాడు. ఇంతకుముందు ఎవరి హోదా ఏమిటో తెలియాలంటే రిజిస్టర్లు తిరగేయాలి. ఇప్పుడు భుజం చూస్తే చాలు! కల్వకుర్తి బజారులోనూ ఈ పద్ధతి పెడితే, పల్లీల బేరంలో ఎవరు ఎవరిని తిప్పుతున్నారో రైతుకు ముందే తెలిసిపోయేది.

ఇక మా వీధి రేణుకమ్మ సంగతికి వస్తాను. డాన్సు ఉపకారం ఆమెకు అందినంతగా ఇంకెవరికీ అందలేదు.

రేణుకమ్మ పుట్టిల్లు గద్వాల. మొగుడు యాదయ్య ఆ కచేరిలోనే అందరికంటే చిన్న గుమాస్తా, అంటే పక్కా ఆడమనిషి. వాళ్లకు ఒక్కతే కూతురు, పేరు జములమ్మ. పదహారు నెలలు నిండినా ఆ పిల్ల అడుగు వేయడం లేదు. నిలబెడితే నిలబడుతుంది. అంతే, అక్కడినుంచి కదలదు.

రేణుకమ్మకు అదే దిగులు. రోజూ తెల్లవారగానే నూలుపోగు తీసి పిల్ల రెండు కాళ్లూ కొలిచేది. సమానంగానే వచ్చేవి. పోగు సాగిందేమోనని ఇంకో పోగుతో కొలిచేది. వీధిలో ఏ పిల్ల నడిచినా దాని వయసు అడిగేది. పదకొండో నెలలోనే పరుగులు పెట్టిందని ఎవరన్నా చెబితే, ఆ పూట అన్నం సహించేది కాదు.

పాలమూరు దవాఖానలో ఒక డాక్టరమ్మ ఉంది, పిల్లల్ని బాగా చూస్తుందని పక్కింటి అమీనాబీ చెప్పింది. అమీనాబీ మొగుడు ఫకీర్ అదే కచేరిలో జవాను, అంటే బంట్రోతు. కాని రేణుకమ్మ అత్త బాలనాగమ్మ ఒక్క మాటే అంది. "మొగోడు ఎంట లేంది బస్సెక్కేది లేదు."

శుక్రవారం దవాఖానకూ సెలవే కాబట్టి మొగోడికి మూడు రోజుల రుఖ్సత్ కావాలి. యాదయ్య దరఖాస్తు పెట్టుకున్నాడు.

పెద్ద సాహెబు దరఖాస్తు అందుకోనైనా లేదు. "నీకు తిరగడం రాదు యాదయ్యా. ముందు తిరగడం నేర్చుకో, తరువాత రుఖ్సత్ తీసుకో," అన్నారు.

ఇక్కడ కొంచెం వివరించాలి. పెద్ద సాహెబు పొడుగు, యాదయ్య పొట్టి. చెయ్యి కిందినుంచి దూరిపోవడానికి అనువుగా ఉంటాడని సాహెబు యాదయ్యనే తన పార్ట్‌నర్‌గా పెట్టుకున్నారు. పాట మధ్యలో మగవాడు చెయ్యి పైకెత్తుతాడు. ఆడమనిషి ఆ చెయ్యి కింద గిర్రున ఒక చుట్టు తిరిగి మళ్లీ ఎదురుగా నిలబడాలి. అంతే!

అంతేనా? ఒక చుట్టు తిరగాలంటే మధ్యలో ఒక్క క్షణం సాహెబుకు వీపు చూపించాలి. ఏడేండ్ల నౌకరీలో యాదయ్య సాహెబుకు వీపు చూపించి ఎరుగడు. గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు కూడా సలాము చేస్తూ, వెనక్కి వెనక్కి నడుస్తూ, గుమ్మం ఎక్కడుందో మడమతో వెతుక్కుని వచ్చినవాడు. మన కచేరీల మర్యాద అది. అందుకని సాహెబు చెయ్యి ఎత్తినప్పుడల్లా యాదయ్య తాను తిరగకుండా, సగం వంగి, ముఖం ఆయన వైపే పెట్టుకుని, సాహెబు చుట్టూ ప్రదక్షిణం చేసేవాడు. పట్టుకున్న చెయ్యి వదలడం కూడా మర్యాద కాదు గదా! రెండో చుట్టుకు సాహెబు మోచెయ్యి సాహెబు మెడకే పడేది. ఒకసారి ఆ ముడి విప్పడానికి ఫకీర్‌ను పిలవాల్సి వచ్చింది.

ఆ సంగతి విని రేణుకమ్మ నెత్తి కొట్టుకుంది.

"తిరుగుమంటే తిరుగరాదా? గదేమన్న మోట కొట్టుడా?"

"నీకేం తెలుసు. సాహెబుకు ఈపు సూపిస్తె నౌకరీ ఉంటదా?"

"ఆయనే సూపియ్యుమంటుండు గద."

"ఇయ్యాల అంటడు. రేపు కోపమొచ్చిన్నాడు గదే ముచ్చట యాదికి తెచ్చుకుంటడు."

కచేరి సంగతి ఆయనకే తెలుసు. కాని ఇంటి సంగతి ఆమెకు తెలుసు.

"ఇంట్ల నాకు ఐదేండ్ల సంది ఈపే సూపిస్తుంటివి. కూరల ఉప్పెక్కువైతె ఇటు ఈపు. అత్త నన్నేమన్న అంటె ఇటు ఈపు. పిల్ల ఏడ్సిందంటె సాలు, అటు తిరిగి పంటవు. గా ఈపునే జర కచేరికి తీస్కపో."

మరునాడు పొద్దున్నే ఆమె మొగుడి టోపీ తన నెత్తిన పెట్టుకుని, పిల్లను చంకన వేసుకుని, వాకిట్లో సాహెబై నిలబడింది. గ్రామఫోనుకు బదులు అమీనాబీ గోడ అవతల బొక్కెన బోర్లించి పీరీల పండుగ దరువు వేసింది. ఆ దరువుకు యాదయ్య కాళ్లు వాటంతట అవే ఆడాయి. చిన్నప్పటినుంచీ పీరీల ముందు అలావ నిప్పుల గుండం చుట్టూ ఎగిరిన కాళ్లే అవి! కాని రేణుకమ్మ చెయ్యి ఎత్తగానే ఆగిపోయేవాడు. భార్య నెత్తిన ఉన్నా టోపీ టోపీయే, వీపు తిప్పలేకపోయాడు.

ఆరుసార్లు ప్రయత్నించాక ఆమె చెయ్యి నొప్పి పుట్టింది. చంకలో పిల్ల రాగం తీసింది.

"పిల్ల ఏడుస్తుంది, జర ఎత్తుకో," అంది.

యాదయ్య గిర్రున తిరిగాడు!

రేణుకమ్మకు కిటుకు దొరికింది. మళ్లీ చెయ్యి ఎత్తి మళ్లీ అదే మాట అంది. మళ్లీ బొంగరంలా తిరిగాడు. గోడ మీదినుంచి తొంగిచూసిన అమీనాబీ నవ్వు ఆపుకోలేక బొక్కెన వదిలేసింది.

"రేణుకా, గీ మాట మంత్రం లెక్కుంది. నా మొగునికి గూడ పనిచేస్తదేమో సూస్త."

ఆ వారమంతా రేణుకమ్మ మొగుడికి ఒకటే పాఠం చెప్పి పంపింది. సాహెబు చెయ్యి లేవగానే, మనసులో ఆ మాట అనుకోవాలి.

గురువారం సోషల్‌లో ఏం జరిగిందో ఫకీర్ కళ్లారా చూసి అమీనాబీకి చెప్పాడు. అమీనాబీ వీధికి చెప్పింది. సాహెబు చెయ్యి లేచింది. యాదయ్య కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. అంతే! ఒక చుట్టు కాదు, మూడు చుట్లు! పచ్చ తువ్వాల గాలిలో లేచింది. సికిందరాబాదు సోల్జర్లు కూడా అట్లా తిరిగి ఉండరు. మల్లన్న తన పార్ట్‌నర్‌ను వదిలేసి చప్పట్లు కొట్టాడు. పెద్ద సాహెబు "షాబాష్" అని అందరి ముందూ యాదయ్య వీపు తట్టారు. ఇన్నేళ్లూ దాచిపెట్టిన వీపు!

ఆ ఊపులోనే యాదయ్య దరఖాస్తు తీసి ముందు పెట్టాడు.

"రుఖ్సతా?" అన్నారు సాహెబు. "నువ్వు పోతే నేనెవరితో ఆడాలి? ఇంత మంచి పార్ట్‌నర్‌ను ఎవడన్నా వదులుకుంటాడా? నామంజూర్."

అదే సాయంత్రం యేసయ్య అనే గుమాస్తాకు, పక్క జంటలో ఎగురుతూ సాహెబు బూటును నాలుగుసార్లు తొక్కినందుకు, అడగకుండానే పదిహేను రోజుల సెలవు దొరికింది. అతడు సంతోషంగా అమరచింత వెళ్లి చేనులో కలుపు తీయించుకుంటున్నాడని తెలిసింది.

చూశారా డాన్సు ఎంత న్యాయమైనదో! కోడిపుంజుల కాలంలో పని రానివాడికి సెలవు దొరికేది కాదు, వచ్చినవాడికీ దొరికేది కాదు. ఇప్పుడు కనీసం ఒకరికి దొరుకుతున్నది.

శనివారం తెల్లవారినా రేణుకమ్మ పిల్ల కాళ్లు కొలవలేదు. యాదయ్య కచేరికి పోగానే పిల్లకు ఉతికిన గౌను తొడిగి, మూట కట్టి, అమీనాబీని వెంటబెట్టుకుని గడపలో నిలబడింది.

"మొగోడేడి?" అంది బాలనాగమ్మ.

జవాబు అమీనాబీ చెప్పింది. "పెద్దమ్మా, మీ యాదయ్య ఆర్నెల్ల సంది తువ్వాల కట్టుకొని ఆడదాని లెక్క ఎగురుతుండు. ఆయన రాకుంటె మేం బస్సుల ముగ్గురం ఆడోళ్లం. ఆయనొస్తె నలుగురం. గంతే గద ఫరకు."

బాలనాగమ్మ చాలాసేపు ఆలోచించింది. లెక్క తప్పు అని తెలుస్తున్నది గాని, తప్పు ఎక్కడుందో అందలేదు. లోపలికి వెళ్లి నాలుగు జొన్నరొట్టెలు మూటగట్టి, చెంబులో పచ్చిపులుసు పోసి తెచ్చి ఇచ్చింది. "పిల్లకు గాలి తగులనియ్యకు," అని మాత్రం అంది.

లడాయిలో పెట్రోలు కరువై వచ్చిన బొగ్గు బస్సు ఎట్లా నడుస్తుందో పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఎగుడు వచ్చినప్పుడల్లా దిగి తోసి, దిగుడు వచ్చినప్పుడల్లా ఎక్కి దేవుణ్ణి తలుచుకుని, మధ్యాహ్నానికి పాలమూరు చేరారు.

డాక్టరమ్మ పిల్ల కాళ్లు వంచింది, చాపింది. మడమలు నొక్కింది. అరికాలిలో గిలిగింత పెడితే జములమ్మ ఆమె కళ్లద్దాలు లాగింది.

"కాళ్లు బాగున్నాయి. ఈ పిల్లను రోజుకు ఎంతసేపు కింద దించుతావు?"

రేణుకమ్మ నసిగింది. "దించితె మన్ను తింటదమ్మా. చీమలుంటయి. పిల్లి వస్తది. గడపకు తల్గుతదేమోనని..."

"అంటే దించవు. నీ నడుము ఉండగా దీనికి కాళ్లతో పనేముంది?"

రేణుకమ్మ తల వంచుకుంది. నూలుపోగుల సంగతి చెప్పలేదు.

"నడక ఒక్కరు నేర్పేది కాదమ్మా," అంది డాక్టరమ్మ, ఈసారి మెల్లగా. "వెనక ఒకరు వదలాలి. ముందు ఒకరు చేతులు చాపాలి. ఎవరి దగ్గరికి పోవాలో తెలియకపోతే పిల్ల ఎక్కడికి నడుస్తుంది? దీని తండ్రి లేడా?"

"ఉన్నడమ్మా."

"సాయంత్రం ఇంటికి రాడా?"

"సాయంత్రం సాహెబుకు చేతులు సాపుతుండు."

డాక్టరమ్మకు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా అమీనాబీ చెప్పింది. అంతా విన్నాక ఆమె మందుల చీటీ తీసి, దాని మీద మందు రాయకుండా ఇట్లా రాసింది: తండ్రి. రోజూ సాయంత్రం ఒక గంట.

ఈ చీటీ జతచేసి యాదయ్య మళ్లీ దరఖాస్తు పెట్టాడు. ఈసారి సెలవు అడగలేదు. రోజూ ఒక గంట ముందుగా క్లాసునుంచి వదిలితే చాలన్నాడు. ఆ దరఖాస్తు మూడు బల్లలు దాటి పెద్ద సాహెబు దగ్గరికి వెళ్లి, నాలుగో రోజు ఎర్ర సిరాతో తిరిగి వచ్చింది. అందులో ఇట్లా ఉంది: "సదరు బిడ్డ నడవలేదనే విషయం రుజువు కావలసి ఉన్నది. బిడ్డ స్వయంగా నడిచి వచ్చి కచేరిలో హాజరైతే విచారించబడును."

ఇందులో తప్పేముంది? సర్కారు అన్నాక రుజువు అడగదా?

ఇంతమంచి డాన్సును కొందరు తిట్టుకుంటున్నారు. కచేరిలో పనులు ఆగిపోయాయంటారు. డాన్సు రాకముందు సాగాయా? మగవాళ్లు ఇంటికి ఆలస్యంగా వస్తున్నారంటారు. వచ్చినరోజున ఏం చేసేవారు? అటు తిరిగి పడుకునేవారు. ఇప్పుడు కనీసం ఆ తిరగడానికి ఒక తాళం వచ్చింది!

ఇకపోతే జములమ్మ సంగతి. మొన్న సోమవారం మధ్యాహ్నం వాకిట్లో అమీనాబీ గొంతుక్కూచుని చేతులు చాపింది. రేణుకమ్మ పిల్లను ఇవతల నిలబెట్టి, రెండు చంకల కింద రెండు చేతులు పెట్టి పట్టుకుంది.

"ఇడువు," అంది అమీనాబీ.

"ఇడుస్త. జర ఆగు."

"ఎంతసేపు ఆగాలె? నా మోకాళ్లు పట్టుకున్నయి. ఇడువే, పిచ్చిదానా. నేను లేనా ఈడ?"

రేణుకమ్మ చేతులు తీసిందో, పిల్లే ఆ చేతుల్లోంచి వెళ్లిపోయిందో ఇప్పటికీ తేలలేదు. జములమ్మ నోట్లో రొట్టెముక్క పెట్టుకుని, ఎవరితోనో కొట్లాటకు పోతున్నట్టు ముఖం పెట్టుకుని, నాలుగు అడుగులు వేసింది. నాలుగో అడుగు అమీనాబీ ఒళ్లో పడింది.

పిల్ల ఆ ఒళ్లోనే కూచుని రొట్టె నమిలింది.

"అక్కా," అంది రేణుకమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుని. "ఫకీరన్నకు చెప్పకు. చెప్తె కచేరిల తెలుస్తది."

"తెలుస్తె తెలవని. ఇంత మంచి ముచ్చట."

"ఆయన సూడలే గద. మొదటి అడుగు తండ్రి సూసిండని ఉండాలె. పెద్దగైనంక పిల్లకు ఏమని చెప్పాలె?"

అమీనాబీ ఒప్పుకుంది. అప్పటినుంచి యాదయ్య ఇంట్లో ఉన్నంతసేపూ రేణుకమ్మ పిల్లను చంక దింపడం లేదు. ఆయన కచేరికి పోగానే పిల్ల వాకిలంతా తిరుగుతున్నది. యాదయ్యకు తీరిక శుక్రవారం పొద్దున ఒక్కటే కాబట్టి, బాగా ఆలోచించి, జములమ్మ మొదటి అడుగు వచ్చే శుక్రవారం పొద్దున, రొట్టెలు చేయడం అయినాక, వేయడానికి ఖాయం చేశారు.

ఈ పత్రిక మీ చేతికి గురువారం అందుతుంది. యాదయ్య చదవడు, ఆయనకు సోషల్ ఉంది. మీరెవరన్నా వనపర్తి వస్తే, దయచేసి చెప్పకండి.